చీకటి పడితే మాట వినని లైటు

మధ్యాహ్నం మూడింటికి నొక్కితే వెలిగేది. రాత్రి ఏడింటికి నొక్కితే వెలిగేది కాదు. ఆ లైటుతో అవసరం పడేదేమో రాత్రి ఏడింటికే.

అత్తిలిలో ఓ పాతకాలపు మండువా ఇల్లు. ఇంటాయన రిటైరైన లెక్కల మేష్టారు. 2009 వానాకాలంలో, మునిమాపు వేళ, మేష్టారి భార్య పెరట్లో బాత్రూమ్‌కి వెళ్తూ పాచి పట్టిన గచ్చు మీద జారిపడ్డారు. తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ అయ్యాక కర్ర పట్టుకుని నడవగలిగారు గానీ, పెరటి లైటు స్విచ్చు వంటింటి అవతలి గోడకి ఉండేది. లైటు వేసుకోవాలంటే ముందు ఆ చీకట్లోనే నడిచి వెళ్లాలి. ‘‘వెలుగు కోసం చీకట్లో నడవాలిట, ఏం కట్టారో ఈ ఇల్లు’’ అని ఆవిడ విసుక్కునేవారు.

ఇంగ్లండులో ఉద్యోగం చేస్తున్న కొడుకు ఆ ఏడు షష్ఠి తీర్థానికి ఊరొచ్చాడు. అత్తిలి సుబ్రహ్మణ్యేశ్వరస్వామి షష్ఠి అంటే ఎక్కడున్నవాళ్లయినా ఇంటికి చేరుకునే రోజులు. వస్తూ వస్తూ పెట్టెలో ఎక్స్-10 పరికరాలు తెచ్చాడు. మంచం పక్క ప్లగ్గులో పెట్టే మీటల డబ్బా ఒకటి, లైట్ల దగ్గర పెట్టే చిన్న డబ్బాలు మూడు. అక్కడా ఇక్కడా కరెంటు ఒకే తీరు, 230 వోల్టులు, 50 హెర్ట్జ్. కాబట్టి ప్లగ్గు పిన్నులకి అడాప్టర్లు పెడితే చాలు. గోడ పగలగొట్టే పని లేదు, కొత్త తీగ లాగే పని లేదు. ఇంట్లో ఉన్న కరెంటు తీగలే ఆ మీటల కబురు మోస్తాయి. ఒకటో మీట పెరటి లైటు, రెండోది వసారా, మూడోది నడవ. ఆవిడ మంచం మీద కూర్చుని మీట నొక్కారు. పెరడంతా వెలుగొచ్చింది. షష్ఠికి వచ్చిన చుట్టాలంతా వరసగా వచ్చి నొక్కి చూసి వెళ్లారు.

ఈ ఎక్స్-10 పుట్టింది స్కాట్లండులోని గ్లెన్‌రోథెస్ అనే ఊళ్లో. పికో ఎలక్ట్రానిక్స్ అనే చిన్న కంపెనీ 1970లో మొదలై కాలిక్యులేటర్లకి చిప్పులు తయారుచేసేది. చేపట్టిన పనులకి వరసగా నంబర్లు పెట్టుకుంటూ పోయారు. 1975లో మొదలెట్టినది పదోది, ఆ నంబరే పేరయింది. మూడేళ్లకి అమెరికా దుకాణాల్లోకి వచ్చింది. వాళ్ల ఊహలోని ఉపాయం ఇప్పటికీ నాకు ముచ్చటగానే ఉంటుంది. మన ఇంటి కరెంటు సెకనుకి వందసార్లు సున్నా వోల్టుల గుండా దాటుతుంది. ఆ దాటే క్షణంలో తీగ దాదాపు నిశ్శబ్దంగా ఉంటుంది. సరిగ్గా అప్పుడు ఒక మిల్లీసెకను పాటు 120 కిలోహెర్ట్జ్ కూత ఒకటి తీగలోకి వదులుతారు. కూత ఉండటం, లేకపోవడం, ఈ రెండింటితోనే అక్షరాలు. ఇంటికో అక్షరం, లైటుకో నంబరు, ఆపైన వెలుగు అనో ఆరిపో అనో ఆజ్ఞ. 16 అక్షరాలు, 16 నంబర్లు, వెరసి 256 చిరునామాలు. ప్రతి మాటా రెండేసి సార్లు చెబుతుంది. మొత్తం కబురు చేరడానికి 47 ఆవృత్తాలు పడుతుంది, అంటే మన 50 హెర్ట్జ్ మీద సెకనుకి కాస్త తక్కువ. నొక్కాక ఒక్క క్షణం ఆగాలని కొడుకు అమ్మకి చెప్పింది అందుకే.

ఇందులో ఒక లోపం ఉంది, అది పుట్టుకతో వచ్చినదే. కబురు చేరిందో లేదో పంపినవాడికి తెలీదు. లైటు డబ్బా ‘విన్నాను’ అని తిరిగి చెప్పదు. వెలిగితే విన్నట్టు, వెలక్కపోతే ఎందుకు వెలగలేదో మనమే వెతుక్కోవాలి.

సెలవయిపోయి కొడుకు వెళ్లిపోయాడు. సంక్రాంతి దాటాక లైటు మొరాయించడం మొదలైంది.

ఊరి ఎలక్ట్రీషియన్ కుర్రాడు వచ్చాడు. మధ్యాహ్నం వచ్చాడు, నొక్కాడు, వెలిగింది. ‘‘బానే ఉందిగా మేష్టారండీ’’ అని వెళ్లిపోయాడు. ఆ సాయంత్రం వెలగలేదు. మర్నాడు మళ్లీ వచ్చాడు, మళ్లీ వెలిగింది. డబ్బాలు మార్చి పెట్టి చూశాడు. వసారా లైటు డబ్బా తీసి పెరట్లో పెడితే అదీ సాయంత్రం కాగానే మూగబోయింది. పెరటి డబ్బా వసారాలో పెడితే రాత్రీ పగలూ పనిచేసింది. ఈ ఒక్క పరీక్షతో తేలాల్సింది తేలిపోయింది. తప్పు డబ్బాలో లేదు, చోటులో ఉంది. కుర్రాడు మాత్రం పైకి కనిపించే ప్రతిదీ మార్చి చూశాడు. హోల్డరు మార్చాడు, ప్లగ్గు పాయింటు మార్చాడు, బల్బు మార్చాడు. అతన్ని తప్పుపట్టలేం. టెస్టరు పెడితే కరెంటు ఉందని వెలుగుతోంది. ఆ 120 కిలోహెర్ట్జ్ కూత ఉందో లేదో చెప్పే పరికరం అతని సంచీలో లేదు, ఆ చుట్టుపక్కల ఎవరి సంచీలోనూ ఉండదు.

మేష్టారు నోటుబుక్కు తీశారు. తేదీ, వేళ, వెలిగిందా లేదా. నలభై ఏళ్లు పిల్లలకి దత్తాంశం రాసుకోకుండా లెక్క మొదలెట్టొద్దని చెప్పిన మనిషి, తన ఇంటి లెక్క అలాగే మొదలెట్టారు. పేజీ నిండేసరికి ఒక సంగతి బయటపడింది. సాయంత్రం ఆరున్నర నుంచి పది వరకూ వెలగదు. పది దాటాక కొన్నిరోజులు వెలుగుతుంది, కొన్నిరోజులు వెలగదు. ఒక్కరోజు మాత్రం, ఒకే ఒక్కరోజు, రాత్రి ఏడున్నరకి వెలిగింది.

ఆ రోజు పొద్దున్న కరెంటు లేక ట్యాంకు నిండలేదు. సాయంత్రం మోటారు వేశారు. పెరటి బోరుకి మూడు ఫేజుల మోటారు. అది తిరుగుతుండగా లోపలి గదిలోంచి, ‘‘ఏవండీ, వెలిగిందండీ!’’ అని కేక వినిపించింది. మేష్టారు పరుగున వెళ్లి మోటారు ఆపారు. ‘‘ఇప్పుడు ఆర్పు’’ అన్నారు. ఆవిడ నొక్కారు, ఆరలేదు. మోటారు వేశారు. ఆరింది. మళ్లీ ఆపారు, మళ్లీ వేశారు. మోటారు తిరిగితే లైటు వింటుంది, ఆగితే వినదు. నోటుబుక్కులో ఆ వరస కింద రెండు గీతలు గీశారు.

‘‘మోటారుకీ లైటుకీ సంబంధం ఏంటండీ?’’ అన్నాడు కుర్రాడు. అడగాల్సిన ప్రశ్నే అది.

జవాబు తాడేపల్లిగూడెం నుంచి వచ్చింది. మేష్టారి తోడల్లుడు కరెంటు శాఖలో పెద్ద సబ్‌స్టేషన్లలో పనిచేసి రిటైరయ్యారు. మరదలి భర్తని పండక్కి పిలిచినంత మర్యాదగా పిలిచి, భోజనం పెట్టి, నోటుబుక్కు చేతికిచ్చారు మేష్టారు. ఆయన చదివి, లేచి, మెయిన్ బోర్డు దగ్గరికి వెళ్లి నిలబడ్డారు.

‘‘అన్నయ్యగారూ, సాయంత్రం వోల్టేజీ పడిపోతే ఏం చేస్తారు?’’

‘‘ఏం చేస్తాను, ఫేజు మారుస్తాను.’’

గోదావరి జిల్లాల పల్లెల్లో మూడు ఫేజుల మీటరున్న ఇళ్లలో ఈ అలవాటు ఎంత మామూలో, దాని గురించి ఎవరూ ఆలోచించనైనా ఆలోచించరు. దీపాలు పెట్టేవేళకి ఒక ఫేజు మీద బరువెక్కువై వోల్టేజీ పడుతుంది. ఫ్యాను నీరసంగా తిరుగుతుంది, ట్యూబులైటు కొట్టుకుంటుంది. బోర్డు దగ్గర ఫేజు మార్చే స్విచ్చు తిప్పితే ఇల్లు బాగున్న ఫేజు మీదికి వెళ్తుంది. మేష్టారింట్లో పగలంతా పసుపు ఫేజు, చీకటి పడితే నీలం ఫేజు. ఆ స్విచ్చు కిందికి వచ్చేది హాలు, పడగ్గది, వసారా, నడవ. పెరటి లైను తరవాతెప్పుడో విడిగా లాగినది. అది స్విచ్చుతో సంబంధం లేకుండా పసుపు ఫేజుకే కట్టేసి ఉంది.

కాబట్టి పగలు మీటల డబ్బా, పెరటి లైటు ఒకే తీగ మీద ఉండేవి. సాయంత్రం మేష్టారి చేత్తోనే రెండూ రెండు తీగలయ్యేవి. కబురు నీలం ఫేజులో బయల్దేరి, వీధిలోని ట్రాన్స్‌ఫార్మరు దాకా వెళ్లి, చుట్టల గుండా పసుపు ఫేజులోకి రావాలి. అంత దూరం పోయి వచ్చేసరికి దానిలో పస ఉండదు. రాత్రి పడుకునేముందు స్విచ్చు వెనక్కి తిప్పడం గుర్తున్న రోజున పది దాటాక పనిచేసేది, మరిచిన రోజున చేసేది కాదు.

మరి మోటారు? దాని పక్కనే కెపాసిటరు ఉంది. రైతుల మోటార్లకి పవర్ ఫ్యాక్టరు బాగుండాలని, ట్రాన్స్‌ఫార్మర్ల మీద భారం తగ్గాలని పెట్టించే కెపాసిటరే. అది మూడు ఫేజులకీ మధ్య కలిపి ఉంటుంది. 50 హెర్ట్జ్ కరెంటుని అది కొంత అడ్డుకున్నా 120 కిలోహెర్ట్జ్ కూతకి తెరిచిన తలుపే. మోటారు వేసినప్పుడల్లా మూడు ఫేజులూ ఆ కూత దృష్టిలో ఒకటే తీగ అయిపోతున్నాయి.

‘‘మేం చేసిందీ ఇదే కదండీ’’ అన్నారు తోడల్లుడుగారు. 132 కె.వి. సబ్‌స్టేషను యార్డులో తీగలకి పెద్ద డ్రమ్ముల్లాంటి చుట్టలు వేలాడుతుంటాయి, రోడ్డు మీద పోతూ చాలామంది చూసే ఉంటారు. వాటిని వేవ్‌ట్రాపులంటారు. సెల్‌ఫోన్లు లేని రోజుల్లో ఒక సబ్‌స్టేషను నుంచి ఇంకో సబ్‌స్టేషనుకి ఫోను మాటలు ఆ హైటెన్షన్ తీగల మీదే వెళ్లేవి. లైను తెగినప్పుడు రిలేలకి అందే సంకేతాలూ వాటి మీదే. కప్లింగు కెపాసిటరు ఆ సంకేతాన్ని తీగలోకి దింపుతుంది, వేవ్‌ట్రాపు దాన్ని పక్కదారి పట్టనివ్వదు. నలభై నుంచి అయిదొందల కిలోహెర్ట్జ్ మధ్య నడిచే వ్యవహారం అది. మేష్టారి భార్య మంచం పక్కన ఉన్నది దాని పిల్ల రూపం.

విరుగుడు కూడా అక్కడిదే. ఫేజుల మధ్య చిన్న కెపాసిటరుతో వంతెన కట్టాలి. అయితే ఏ రేడియో కొట్లోనో దొరికేది కొనుక్కొచ్చి కట్టేయడానికి వీల్లేదని ఆయన గట్టిగా చెప్పారు. ఫేజుకీ ఫేజుకీ మధ్య 415 వోల్టులు. దానికి తగినది కాకపోతే పేలుతుంది, అంటుకుంటుంది. ఇంగ్లండు నుంచి కొడుకు తయారుగా దొరికే కప్లరు పంపాడు. కుర్రాడు మెయిన్ ఆపి, కప్లరుకి విడిగా ఎంసీబీ పెట్టి బిగించాడు. ఆ రాత్రి స్విచ్చు ఎటు తిప్పినా పెరటి లైటు మీట మాట విన్నది.

ఇక్కడితో కథ అయిపోతే ఈ పేజీలో రాయవలసినంత సంగతి కాదు.

నోటుబుక్కు మూసేయలేదు మేష్టారు. రాయడం మానలేదు కూడా. జూలై నెల పేజీల్లో అడపాదడపా ‘లేదు’ అనే మాట మళ్లీ కనబడింది. ఆవిణ్ని అడిగితే ‘‘బానే ఉందండీ, ఏం ఇబ్బంది లేదు’’ అనేవారు. తేదీల పక్కన వారాలు రాసి చూస్తే శనివారం, ఆదివారం. మిగతా రోజుల్లో ఒక్కటీ లేదు.

శని ఆదివారాల్లో ఆ ఇంట్లో జరిగే విశేషం ఒకటే. భీమవరంలో ఇంజినీరింగు చదువుతున్న మనవరాలు, అంటే కూతురి కూతురు, హాస్టలు నుంచి వస్తుంది. వచ్చి ఎక్కడ కూర్చుంటుంది? అమ్మమ్మ గదిలో. కంప్యూటరు ఆ గదిలోనే పెట్టించుకుంది, చదువుకుంటూ అమ్మమ్మకి తోడుగా ఉండొచ్చని. కంప్యూటరు పాడవకూడదని ఎక్స్‌టెన్షన్ బాక్సు కూడా మంచిది కొనిచ్చారు, వోల్టేజీ పోట్లనీ తీగల్లోని రొదనీ ఆపే ఫిల్టరు ఉన్నది. ఆ బాక్సు పెట్టింది మీటల డబ్బా ఉన్న ప్లగ్గు బోర్డులోనే.

లైటు వెలగడం లేదని ఆవిడ ఎందుకు చెప్పలేదో కూడా అప్పుడే తెలిసింది. శని ఆదివారాల్లో ఆవిడ మీట నొక్కి, వెలక్కపోతే, ‘‘అమ్మాయీ, కాస్త ఆ లైటెయ్యవే’’ అనేవారు. పిల్ల లేచి వెళ్లి స్విచ్చు వేసి, చెయ్యి పట్టుకుని తీసుకెళ్లేది. ఆవిడకి అందులో ఫిర్యాదు చేయాల్సిందేమీ కనబడలేదు. ఇంజినీర్లు ఎన్ని పరికరాలు తెచ్చినా వాడే మనిషి నోరు విప్పకపోతే సగం దోషాలు అలా దాగే ఉంటాయి. ఆ మనిషికి ఆ లోపం హాయిగా ఉంటే మరీ దాగిపోతాయి.

ఆ ఆదివారం తాత, మనవరాలు కలిసి పరీక్ష మొదలెట్టారు. ఇంట్లో ప్లగ్గులన్నీ పీకేశారు. ఫ్రిజ్జు, టీవీ, మిక్సీ, ఫోను ఛార్జర్లు, అన్నీ. నొక్కితే వెలిగింది. ఒక్కొక్కటే తిరిగి పెడుతూ, ప్రతిదాని తరవాతా నొక్కుతూ వచ్చారు. టీవీ పెట్టినా వెలిగింది. ఫ్రిజ్జు పెట్టినా వెలిగింది. ఎక్స్‌టెన్షన్ బాక్సు స్విచ్చు వేశారు, ఇంకా కంప్యూటరు ఆన్ చెయ్యనే లేదు. లైటు వెలగలేదు.

లెక్క పిల్లే వేసింది. అలాంటి ఫిల్టర్లలో ఫేజుకీ న్యూట్రల్‌కీ మధ్య ఒక కెపాసిటరు ఉంటుంది. 0.1 మైక్రోఫ్యారడ్ అనుకుందాం. ఇంటి కరెంటుకి అది దాదాపు 32,000 ఓముల అడ్డు, ఉన్నట్టే తెలీదు. 120 కిలోహెర్ట్జ్ దగ్గర అదే కెపాసిటరు 13 ఓములు. మీటల డబ్బా పంపే కూత కొద్ది వోల్టులే. గజం దూరంలోనే ఇంత సులువైన దారి దొరికితే పెరడు దాకా పోయేది ఏముంటుంది?

సాయంత్రం ఫోన్లో సంగతి విన్న తోడల్లుడుగారు ఒక మాట అన్నారు. ‘‘ఆ బాక్సు ఏ తప్పూ చెయ్యలేదమ్మా. తీగలో రొద ఉంటే మింగెయ్యమని దాన్ని పెట్టారు. మీ అమ్మమ్మ కబురు దాని లెక్కలో రొదే.’’

ఈ కథ నేను రాయడానికి కారణం ఆ మాటే. చెడిపోయిన వస్తువుని వెతకడం మనకి తెలుసు. వాసన వస్తుంది, వేడెక్కుతుంది, నల్లబడుతుంది. కానీ ఈ ఇంట్లో చెడినది ఒక్కటీ లేదు. ఫేజు మార్చే స్విచ్చు బాగుంది, మోటారు కెపాసిటరు బాగుంది, ఎక్స్‌టెన్షన్ బాక్సు మంచి రకం. ఒక్కొక్కటి తన పని తాను చక్కగా చేస్తోంది. వాటినన్నిటినీ ఒకే తీగ మీద కట్టినవాళ్లు వేరువేరు మనుషులు, వేరువేరు ఏళ్లలో కట్టారు. ఒకరు కట్టింది ఇంకొకరికి చెప్పలేదు.

పదేళ్ల తరవాత వేల్స్‌లో అబెర్‌హోసన్ అనే పల్లెలో దీన్ని గుర్తుచేసే ఉదంతమే జరిగింది. ఏడాదిన్నరపాటు రోజూ పొద్దున్న ఏడింటికి ఊరంతా ఇంటర్నెట్ పడిపోయేది. కేబుళ్లు మార్చినా పోలేదు. చివరికి ఇంజినీర్లు తెల్లవారుజామున వానలో స్పెక్ట్రమ్ ఎనలైజరు పట్టుకుని వీధులు తిరిగితే, ఒక ఇంట్లో పాత టీవీ ఆన్ అయినప్పుడల్లా రొద పుడుతోందని తేలింది. 2020లో ఆ కబురు లోకమంతా తిరిగింది. అక్కడా దారి చూపింది గడియారమే.

మేష్టారింట్లో విరుగుడు చిన్నదే. ఎక్స్‌టెన్షన్ బాక్సుకి ముందు ఒక ప్లగ్గు ఫిల్టరు పెట్టారు. దాని లోపలి తీగచుట్ట 120 కిలోహెర్ట్జ్‌ని అటు పోనివ్వదు, కంప్యూటరుకి కావలసిన కరెంటుని ఆపదు. వేవ్‌ట్రాపు చేసే పనే. కంప్యూటరు అమ్మమ్మ గదిలోనే ఉండిపోయింది. దాన్ని హాల్లోకి మార్చేస్తే ఫిల్టరు ఖర్చు కూడా ఉండదని కుర్రాడు సలహా ఇస్తే, మేష్టారి భార్య ఒప్పుకోలేదు.

ఇంకో రెండు సంగతులు. పెరట్లో సీఎఫ్ఎల్ పెట్టాక అది ఆరిన తరవాత కూడా కొన్ని క్షణాలకోసారి చిటుక్కున మెరిసేది. ఎక్స్-10 డబ్బా ఆరి ఉన్నప్పుడు కూడా లైటు వైపు కాస్త కరెంటు జారవిడుస్తుంది, ఎవరైనా లైటు స్విచ్చు తిప్పారేమో కనిపెట్టడానికి. సీఎఫ్ఎల్ ఆ చుక్కల్ని పోగేసుకుని ఒక్కసారిగా వెలుగుతుంది. పక్కనే అదే లైనులో ఒక జీరో బల్బు కలిపితే ఆ చుక్కలు దానిలోంచి పోయాయి, మెరుపు ఆగింది. రెండోది కరెంటు కోత. ఇన్వర్టరు మీద ఈ పద్ధతి నడవలేదు. వాళ్లింట్లోది చదరపు తరంగాల ఇన్వర్టరు, సున్నాని దాటే ఆ నిశ్శబ్ద క్షణాన్ని అది సరిగ్గా ఇవ్వదు. దానికి వైద్యం చెయ్యబోలేదు. కరెంటు పోగానే తనంత తాను వెలిగే ఎమర్జెన్సీ లైటు ఒకటి బాత్రూమ్ దారిలో తగిలించారు. కోత వేళ ఆవిడకి అదే ఆధారం. నా దృష్టిలో ఇంటిల్లిపాదీ చేసిన పనుల్లో అన్నిటికన్నా తెలివైనది ఇదే.

దసరా సెలవుల్లో మనవరాలు, ఎలక్ట్రీషియన్ కుర్రాడు కలిసి ఇంటి వైరింగు మొత్తానికీ పటం గీశారు. మండువా చుట్టూ చెక్క బ్యాటన్ మీద పోయే పాత తీగలు, ఆపైన వచ్చిన పైపుల వైరింగు, పెళ్లికని తాత్కాలికంగా లాగి అలాగే వదిలేసినవి. ఒక్కో ఫ్యూజు పీకుతూ ఏది ఆరిందో చూస్తూ, ఏ ఫేజు మీద ఏముందో రంగు పెన్సిళ్లతో రాసి, మెయిన్ బోర్డు తలుపు లోపలి వైపు అతికించారు. ఒక తీగ మాత్రం పెరటి గోడ దాటి ఎటు పోతోందో అంతు చిక్కలేదు. కుర్రాడు నిచ్చెన వేసుకుని దాని వెంబడే వెళ్లాడు. పక్కింటివాళ్ల గొడ్లచావిడిలో, ఏనాటి వానాకాలానికో ఇచ్చిన సాయంగా, ఒక ఖాళీ హోల్డరు దగ్గర అది ఆగింది. ఆ హోల్డరులో ఇంకా కరెంటు ఉంది, పిల్లలకి అందే ఎత్తులో. ఆ మధ్యాహ్నమే దాన్ని బోర్డు దగ్గర విప్పేసి, పటంలో ఆ గీతని కొట్టేశారు.